పలకని కొమురవ్వ

కొమురవ్వ నోట్లో నువ్వుగింజ నానదని మా వాడలో పేరు. సిద్దిపేట సాలెల వాడలో రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతూ ఆమె మాట్లాడని సంగతి లేదు. ఎవరింట్లో పప్పు మాడింది, ఎవరి కోడలు అలిగింది, అన్నీ ఆమె చెబితేనే తెలిసేవి. పక్కనే మగ్గం గుంతలో కాళ్లు పెట్టి నేస్తున్న మొగుడు దుబ్బయ్య నవ్వేవాడు.

"నీ నోట్లకెల్లి మాటలొచ్చినట్టు నూలొస్తే వాడకంతా సాలు" అనేవాడు.

అతను మాటల పిసినారి. ఇద్దరి మాటలూ ఆమే మాట్లాడేది. అతనికి అదే ఇష్టం.

ఎక్కడో యుద్ధం జరుగుతున్న ఆ లడాయి కాలంలో నూలు రావడం తగ్గిపోయి మగ్గాలు ఆగాయి. మిగతావాళ్లు కూలికి పోయారు, కల్లు తాగారు, సర్కారును తిట్టుకున్నారు, ఏదో విధంగా రోజులు నెట్టారు. దుబ్బయ్య మాత్రం ఖాళీ మగ్గం ముందే కూర్చునేవాడు. తర్వాత కొంచెం నూలు వచ్చింది. అయినా పోగు దూర్చే నాడె చేతపట్టలేదు. తిండి తగ్గింది, నిద్ర పోయింది. పిలిస్తే పలికేవాడు గాని, ఆ పలుకు ఏ బావిలోంచో వచ్చినట్టుండేది.

హకీం నాడి చూసి ఒంట్లో ఏ రోగమూ లేదన్నాడు. ఒంట్లో లేకపోతే మరెక్కడుంది? అది అడగడానికి మా సిద్దిపేటలో ఒక్క చోటు లేదు. కాలు విరిగితే కట్టు కట్టేవాడున్నాడు, తేలు కుడితే మంత్రించేవాడున్నాడు. మనసు విరిగినవాణ్ణి ఎక్కడికి తీసుకుపోవాలో ఎవరికీ తెలియదు. అందుకే దుబ్బయ్య తల్లి పెంటవ్వ తనకు తెలిసిన దారే పట్టింది. ఆమెను తిట్టాలని నాకుంటుంది, తిట్టలేను. కన్నకొడుకు కళ్లముందు ఎండిపోతుంటే ఏ తల్లి ఊరుకుంటుంది?

కోహెడ దిక్కు నుంచి మంత్రగాణ్ణి పిలిపించింది. అతను నిమ్మకాయ కోసి, దుబ్బయ్య దండచేతికి అంత్రం తాయెత్తు కట్టి, ఆడవాళ్లిద్దర్నీ బయటికి పిలిచి చెప్పాడు.

"గాలి సోకింది. ఇగ వీడు మాట్లాడితే వీడు గాదు, గాలి మాట్లాడుతది. మీరు బదులిచ్చిన్రంటే దానికి ఇంట్ల జాగ ఇచ్చినట్టే. అమాస దాటేదాక ఎవ్వరు పలకొద్దు."

పెంటవ్వ కోడలి వైపు చూసింది. "విన్నవా? నీ నోరే నాకు భయం."

"పలకనత్తా" అంది కొమురవ్వ. "ఆయిన బాగైతడంటే మూగదాన్నయిత."

అన్నమాట నిలబెట్టుకుంది. కంచం ముందు పెట్టి తలుపు చాటుకు పోయేది. మాట నోటిదాకా వస్తే కొంగు కుక్కుకునేది. దుబ్బయ్య మొదట్లో "ఏమైందే, కోపమొచ్చిందా?" అని అడిగాడు. తర్వాత అడగడం మానేశాడు. ఆ ఇంట్లో మాట్లాడే ఒక్క నోరూ మూతపడింది. అది కూడా ప్రేమతోనే. నాకు కోపం వచ్చేది అక్కడే.

అమావాస్య దగ్గరపడింది. ఒక మధ్యాహ్నం అతను మగ్గం దగ్గర నుంచి పిలిచాడు.

"కొమురవ్వా, జర కూసో. ఒక మాట చెప్త."

ఎంతో కాలానికి తనంతట తాను ఒక మాట చెబుతాననడం అదే. ఆమె కాళ్లు అటే కదిలాయి. అంతలో భయం పట్టుకుంది. ఇది గాలి పన్నిన ఎత్తేమో, ఇన్నాళ్లు నోరు కట్టుకుని ఒడ్డుకొచ్చాక పడవ ముంచుకోవడమెందుకు అనుకుంది. ఇంట్లో కడవ నిండా నీళ్లున్నాయి. ఆ నీళ్లు దొడ్లో గుమ్మరించి, ఖాళీ కడవ చంకనెత్తుకుని బావికి పోయింది.

మర్నాడు దుబ్బయ్య తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఎట్లా అన్నది నేను చెప్పను. వాడంతా చెప్పుకున్నది చాలు.

మూడోనాడు ఊరి బయట, అతణ్ణి మట్టి చేసిన చోట పిట్టకు పెట్టారు. పోయినవాడికి ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెడతారు. కాకి ముడితే తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. అప్పుడు అయినవాళ్లు ఒక్కొక్కరే ముందుకొచ్చి మాట ఇవ్వాలి.

కాకులు తుమ్మచెట్టు మీదే కూర్చున్నాయి. అతని అన్న పర్శరాములు చేతులు జోడించాడు.

"అవ్వను నేను సూసుకుంట తమ్మీ. రంది పెట్టుకోకు."

కాకి రాలేదు.

"నీ మగ్గం ఎవ్వరికియ్య కొడుకా" అని పెంటవ్వ ఏడ్చింది. కాకి రాలేదు. "ఏం గావాలె దుబ్బయ్యా, చెప్పు, ఏం గావాలె" అని అందరూ అడిగారు. బతికుండగా ఒక్కరి నోటా రాని ఆ మాట, ఇప్పుడు చెట్టు మీది కాకులను బతిమాలుతూ అడిగారు.

"కొమురవ్వా, నువ్వు మాట్లాడు" అన్నాడు పర్శరాములు. "నీ మాటంటే వానికి పానం."

ఆమె లేచి వచ్చింది. విస్తరికి ఎదురుగా నేల మీద కూర్చుంది. అన్నాళ్లూ మూసిన నోరు తెరిచింది.

"ఇగో, కూసున్న. చెప్పు."

ఎండ నెత్తికెక్కేదాకా అట్లాగే కూర్చుంది. కాకి ముట్టలేదు. చివరికి ఆ విస్తరి ఆవుకు పెట్టి, ఆమెను రెక్క పట్టి లేపుకొచ్చారు.

కొమురవ్వ ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది. కండెలు చుట్టింది, అత్తను కాటికి సాగనంపింది. వాడ సంగతులు మాత్రం మళ్లీ ఆమె నోట ఎవరూ వినలేదు. పొద్దున్నే గోడ మీద ఇంత అన్నం పెట్టి, ఎదురుగా కూర్చునేది. అలవాటుపడ్డ కాకులు రెక్కలు కొట్టుకుంటూ వచ్చి ఒక్క మెతుకు మిగల్చకుండా తినేవి. నేను పెద్దదాన్నయ్యాక ఒకసారి ఆమెకు ధైర్యం చెప్పబోయాను.

"ఇప్పుడు ముడుతున్నయి గదవ్వా. ఇగ రందేంది?"

ఆమె వాటినే చూస్తూ అంది.

"తింటున్నయి బిడ్డా. చెప్తలేవు."