నాలుగు కళావర్లు, మా మేనత్త

మొన్న పొద్దున భూపాలపల్లి నుంచి బావ ఫోన్ చేసి, "అమ్మ పోయింది" అన్నాడు. ఆ అమ్మ మా మేనత్త. బ్రిడ్జి ఆటలో నా పార్ట్‌నర్. జనగామలో మా వంటింట్లో కూలబడి ఏడుస్తుంటే, మధ్యలో ఆమె పేక కలిపే దర్జా గుర్తొచ్చి నవ్వు కూడా వచ్చింది. ఆమెను తలచుకుంటే నవ్వు రాకుండా ఎలా ఉంటుంది?

మామయ్య బొగ్గు గనిలో ఆఫీసరు. కాలనీ క్లబ్బులో ఆడవాళ్లు తంబోలా ఆడుతుంటే మేనత్త పక్క గదిలోకి వెళ్లి మగవాళ్ల బ్రిడ్జి టేబుల్ దగ్గర నిలబడేదట. ఒకరోజు ఎవరో రాకపోతే ఆ కుర్చీలో కూర్చుంది. ఇక లేస్తేనా! నాకు డిగ్రీ సెలవుల్లో ఆమే నేర్పింది.

బ్రిడ్జి రానివాళ్లు బెదరకండి, రెండు ముక్కల్లో చెబుతాను. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జట్టు. ఆటకు ముందు వేలంపాట ఉంటుంది. ఒకరి ముక్కలు ఒకరికి కనబడవు కాబట్టి ఆ పాటతోనే ఒకరి సంగతి ఒకరికి తెలియాలి. పార్ట్‌నర్ ఇస్పేటు పాడితే మనం దాన్ని ఎంతకు పెంచామన్నదే అసలు కబురు. మేనత్త దాన్ని పెండ్లి పిలుపులాగా చెప్పేది. "రెండు ఇస్పేట్లంటే అక్షింతల యాళ్లకు వస్తమని. మూడంటే ముందుగాల వచ్చి పనిల సాయం పడ్తమని. నాలుగంటే పని చేతగాదు గని మందిమి మస్తుగొస్తమని."

అన్నిటికన్నా ఆమెకు స్ప్లింటర్ అనే పాటంటే ప్రాణం. ఆమె ఒక ఇస్పేటు పాడినప్పుడు నేను ఏకంగా నాలుగు కళావర్లకు ఎగబాకితే, నా దగ్గర కళావర్లున్నాయని కాదు. ఉంటే ఒక్కటి, లేదంటే అదీ లేదు, ఇస్పేట్లు మాత్రం నిండుగా ఉన్నాయని అర్థం. "ఉన్నది అందరు చెప్తరు బిడ్డా. లేనిది గుడ చెప్పెటోళ్లే మనోళ్లు" అనేది. ఇలాంటి పాట వినగానే పార్ట్‌నర్ టేబుల్ మీద తట్టి ఎదుటివాళ్లను హెచ్చరించాలి, అడిగితే అర్థం చెప్పాలి. మేనత్త ఉంగరం వేలితో టకటకమని తట్టేది. ఇంకో మర్యాద కూడా ఉంది. పాట నెగ్గిన జట్టులో ఆ రంగును ముందు పాడినవాళ్లు ఆడతారు, రెండోవాళ్లు ముక్కలన్నీ టేబుల్ మీద పరిచేస్తారు. అవి ఎంత చెత్తవైనా సరే ఆడేవాళ్లు "థాంక్యూ పార్ట్‌నర్" అనాల్సిందే. మరిచిపోతే మేనత్త మూతి ముడుచుకునేది.

మహబూబాబాద్ నుంచి ఒక రిటైరైన రైల్వే గార్డు తన జోడీతో ఏటా మాతో పోటీకి వచ్చేవారు. కొన్నేళ్ల కింద ఆ పోటీలోనే మేనత్త ఒక ఇస్పేటు పాడింది. నేను నాలుగు కళావర్లన్నాను. టకటక లేదు. హాయిగా "పాస్" అంది. నేర్పిన మనిషే మరిచిపోయింది! ఒక్క కళావరు చేతిలో పెట్టుకుని, కళావరే తురుపుగా నేను ఆడాలి. ఆమె ముక్కలు పరిచింది. అందులో కళావర్లు మూడంటే మూడు. "థాంక్యూ పార్ట్‌నర్" అన్నాను. అప్పుడు వెలిగింది ఆమెకు. కొంగు నోట్లో కుక్కుకుంది. ఆట అయ్యేసరికి గార్డుగారు నవ్వు ఆపుకోలేక కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంటున్నారు. మేం చిత్తుగా ఓడిపోయాం.

ఇంటికి నడుస్తూ మాత్రం మెల్లగా చెప్పింది, ఈమధ్య ఏదీ యాదికి ఉండటం లేదని, అది ఇంకా పోతూనే ఉంటుందని డాక్టరు అన్నాడని. స్ప్లింటర్లు మానేద్దాం అత్తమ్మా, రెండు మూడు నాలుగుతో సాదాగా ఆడుకుందాం అన్నాను. రోడ్డు మీదే ఆగిపోయింది.

"నాకు లేనిది నీకు చెప్పిన. జాలి పడుమని చెప్పలే. మర్చిపోతే ఓడిపోదం గని, ఆట తగ్గియ్యకు."

తగ్గించలేదు. కానీ అప్పటి నుంచి నాలుగు కళావర్లు పాడిన ప్రతిసారీ ఆమె ఉంగరం వేలి వైపే చూసేదాన్ని. ఒకసారి టకటక, ఒకసారి పాస్. పాస్ అయితే ఒక థాంక్యూ, ఇద్దరికీ కడుపుబ్బ నవ్వు. టకటక వచ్చిన ఒకరోజు ఆరు ఇస్పేట్ల దాకా పాడి, ఆడి గెలిచి, గార్డుగారి చేత మిర్చి బజ్జీలు తెప్పించింది. ఆ సాయంత్రం ఆమె ముఖం చూసి తీరాలి.

పోయిన నెల వెళ్తే, ఎవరి బిడ్డవమ్మా అని నన్నే అడిగింది. మేనకోడలినన్నాను. మర్యాదకు తలూపింది కానీ పోల్చుకోలేదు. బావ, మా అక్క, నేను ఆమె మంచం చుట్టూ కూర్చుని పేక పంచాం. ముక్కలు చేతికి రాగానే ఆమె వేళ్లు రంగుకు రంగు సర్దేశాయి. "ఒక ఇస్పేటు" అంది. ఆమె అదృష్టమో నాదో, నా చేతిలో నాలుగు ఇస్పేట్లు, ఒక్కటే కళావరు.

నాలుగు కళావర్లన్నాను.

ఉంగరం వేలు మంచం పట్టె మీద టకటకమంది. బావ కావాలనే, అంటే ఏందమ్మా అని అడిగాడు. నా వైపు చెయ్యి చూపించింది.

"ఈ పిల్లకు కళావర్లు లెవ్వు. ఇస్పేట్ల నాకు తోడున్నది."

పాట నాలుగు ఇస్పేట్ల దగ్గర ఆగింది. బావ మొదటి ముక్క వేశాక నేను నావన్నీ దుప్పటి మీద పరిచాను. కన్నీళ్లలో వరస వంకరటింకరగా వచ్చింది. మేనత్త ముందుకు వంగి, నా ఇస్పేట్లను ఒక్కొక్కటే వేలితో జరిపి సరిచేసి, నా పేరు గుర్తులేని నోటితోనే "థాంక్యూ పార్ట్‌నర్" అంది.