అద్దం కెమెరా, ఎల్లయ్య ఒట్టు

నా మీద ఒక బరువుంది. ఏళ్లుగా ఉంది. దాని కింద నలిగిపోయానని రాస్తే మాత్రం అది ఇంకో అబద్ధమవుతుంది. తిన్నాను, పడుకున్నాను, పిల్లలకు పాఠాలు చెప్పాను. చెయ్యి తిమ్మిరెక్కితే అది మనది కానట్టు ఉంటుంది చూడండి, లోపల అట్లా ఉంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను టీచర్ని. మాది నేతపని కుటుంబం. అప్పట్లో నల్లగొండలో ఉంటూ కేతేపల్లి దిక్కు ఒక ఊరి బడికి రోజూ కారులో పోయి వచ్చేదాన్ని. డ్రైవింగ్ ఆలస్యంగా నేర్చుకున్నాను. వెనక ఏం వస్తోందోనన్న భయం పోయేది కాదు. అందుకని మా ఆయన అద్దం కెమెరా ఒకటి తెచ్చి బిగించాడు. కారు లోపలి అద్దం ఉండే చోటే ఉంటుంది. ముందు రోడ్డంతా రికార్డు చేస్తుంది. వెనక తగిలించిన చిన్న కెమెరాలో పడేది కూడా ఆ అద్దంలోనే కనబడుతుంది. బడిలో మిగతా టీచర్లు, ముందు నువ్వు వాడి చూడు, బాగుంటే మేమూ తీసుకుంటాం అన్నారు. ఇక నేను రోజూ అదే పని. ఎండలో బొమ్మ ఎట్లుంది, గుంతల్లో ఊగుతోందా, వెనక బండి నంబరు చదవొస్తుందా. కొంచెం గొప్పగా కూడా ఉండేది.

ఆ పొద్దున కూడా నంబరే చదువుతున్నాను. నా వెనక నరేష్ అని ఆ ఊరి పిల్లగాడే బైకు మీద వస్తున్నాడు. చివరి అంకె మూడా, ఎనిమిదా? అద్దంలో అదే చూస్తున్నాను. కళ్లు దించేసరికి ముందు గొర్రెలు.

అవి ఎల్లయ్యవి. కురుమల పెద్దాయన. మంద రోడ్డు దాటేటప్పుడు అక్కడి కాపరులకు ఒక పద్ధతి ఉంది. రోడ్డు నడుమ నిలబడి, కట్టెకు రుమాలు కట్టి పైకెత్తుతారు. చివరి గొర్రె దాటేదాకా దించరు. బండ్లవాళ్లు ఆగుతారు. నేను ఆగలేదు. బ్రేకు తొక్కాల్సిన కాలు ఏమైందో గాని, చెయ్యి హారన్ మీద పడింది. గట్టిగా కొట్టుకుంటూ పక్కకు తిప్పి దాటిపోయాను. ఒక్క గొర్రెకు కూడా తగల్లేదు. బెదిరిన మంద చెల్లాచెదురై నా వెనక రోడ్డు మీద పడింది. నరేష్ వాటి మీదికి వచ్చి పడిపోవడం అద్దంలో కనబడింది. బొమ్మ ఎంత స్పష్టంగా ఉందీ అనుకున్నాను. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అదే అనుకున్నాను.

ఎందుకు ఆగలేదు? బడికి టైమైందనా? ఎవరో ఒకరు లేపుతారులే అనా? భయం. అంతకంటే ఏమీ లేదు.

నరేష్ కాలు విరిగింది, దవాఖానలో చేర్చారు. నా కారు అడ్డం ఉండటంతో అతనికి ముందున్నది కనబడలేదు. గొర్రెలు ఉన్నట్టుండి మీద పడ్డాయన్నాడు, ముందు టీచరమ్మ కారు పోయిందన్నాడు. హారన్ రోజూ వినేదే, దాని మాట ఎత్తలేదు. అతను అబద్ధమేమీ చెప్పలేదు పాపం. టీచరమ్మ నిమ్మళంగా దాటిపోయిందంటే అప్పటికి రోడ్డు ఖాళీగానే ఉందని ఊరు లెక్క తేల్చింది. ఎల్లయ్య కల్లు తాగి మందను ఇడిసిపెట్టాడన్నారు. పుట్టినప్పటి నుంచి గొర్రెలతో బతికిన మనిషిని అంతకంటే అనగలిగే మాట లేదు.

ఆ మధ్యాహ్నమే నేను కారులో కూర్చుని రికార్డు చూశాను. అంతా ఉంది. ఎత్తిన రుమాలు ఉంది. నోరు తెరిచి నా వైపే అరుస్తున్న ఎల్లయ్య ఉన్నాడు.

టీచరమ్మ కారులో కెమెరా ఉందని బడిలో వంట చేసే లచ్చమ్మ ఆయనకు చెప్పింది. ఆయన వచ్చాడు. బడి గేటు బయటే చెప్పులు విడిచాడు.

"టీచరమ్మా, నీ కార్ల బొమ్మలు తీసే మిషన్ ఉన్నదంట గదా. జర ఊరోళ్లకు సూపియ్యరాదు."

నేను కారు తాళం సంచిలో వేసుకున్నాను.

"నువ్వు హారన్ కొట్టినవని నేనెవ్వలకు చెప్పలే, చెప్ప. జీవాలు బెదురుతయ్, ఎవలేం జేస్తరు. నేను నిలవడ్డనా లేదా, గదొక్కటి సూపియ్. సాలు."

"ఆ రోజు అది పని చెయ్యలే ఎల్లయ్యా."

"గట్లనా," అన్నాడు. "ఫికర్ జెయ్యకు బిడ్డా. దేవుని కాడ ఒట్టేస్త తియ్."

నన్నే సముదాయించి పోయాడు.

ఆ కెమెరాలో కార్డు నిండితే పాతది పోయి దాని మీద కొత్తది ఎక్కుతుంది. కాబట్టి నేను చెరిపానని ఎవరూ అనలేరు. నేను కారు నడిపాను, అంతే. ఆదివారం పనేమీ లేకపోయినా భువనగిరిలో మా చెల్లెలింటికి పోయి వచ్చాను. సాయంత్రాలు చుట్టుదారిన ఇంటికి పోయాను. నడిపినంత దూరం ఎల్లయ్య చెరిగిపోతున్నాడని నాకు తెలుసు. ఒకనాడు వెతికితే లేడు. ఆ రోజే టీచర్లు అడిగారు, ఎట్లుంది నీ కెమెరా అని. మంచిగుంది, తీసుకోండి అన్నాను. తీసుకున్నారు.

ఎల్లయ్య తమ కులదేవుడు బీరప్ప గుడి ముందు బండారి, అంటే దేవుడి పసుపు, చేతిలో పట్టుకుని ఒట్టేశాడు. బండారి పట్టుకుని అబద్ధమాడితే మంద మిగలదని వాళ్ల నమ్మకం. ఊరు నోరు మూసుకుంది. ఆ వానాకాలం గొర్రెలకు రోగమొచ్చింది. చుట్టుపక్కల మందల్లో కూడా చచ్చాయి గాని అది ఎవరికీ పట్టలేదు. ఎల్లయ్యవి చచ్చాయి. అబద్ధపు ఒట్టు అన్నారు.

అప్పుడైనా చెప్పొచ్చు కదా? వీడియో పోతే పోయింది, నోరుంది కదా? నోరు పెగల్లేదని రాయబోయి ఆగాను. నోరు బాగానే ఉంది. టీచరమ్మ అంటే ఆ ఊళ్లో ఉన్న మర్యాద పోతుందని చెప్పలేదు. ఆ మర్యాద వల్లే ఆయన మాట చెల్లలేదని తెలిసి కూడా చెప్పలేదు.

మిగిలిన నాలుగు జీవాలైనా బతకాలని ఎల్లయ్య దేవుడి ముందు తప్పు ఒప్పుకోవడానికి సిద్ధపడ్డాడు. ఊరందరినీ పిలిచాడు, బడి టీచర్లను కూడా. నేను పోయాను. పోకపోతే అనుమానం వస్తుందేమోనని పోయాను. గుడి ముందు బోర్లా పడుకుని అన్నాడు:

"తప్పయింది తండ్రీ. నిలవడ్డ అనుకున్న. నిలవడలేదేమో. నాకే యాదికొస్తలేదు."

భయానికి అన్న మాట కాదది. ఆయన నిజంగానే అనుమానంలో పడ్డాడు. ఊరంతా ఒకటే మాట అనేసరికి, గొర్రెలు కూడా చచ్చి అదే మాట అన్నట్టయ్యేసరికి, తను ఎక్కడ నిలబడ్డాడో తనకే తెలియకుండా పోయింది. పెద్దమనుషులు లేపి భుజం తట్టారు. అయిందేదో అయింది తియ్ అన్నారు. చేయని తప్పుకు ఆయనకు క్షమాపణ దొరికింది. తర్వాత వచ్చినవాళ్లందరికీ తన చేత్తో బండారి బొట్టు పెడుతూ నా దగ్గరికొచ్చాడు. నేను తల వంచి పెట్టించుకున్నాను. లోపల ఏమీ అనిపించలేదు. అన్నం వడ్డిస్తే తిన్నాను కూడా.

మా ఆయన ఉద్యోగం మారి మహబూబ్‌నగర్ వచ్చేశాం. ఎల్లయ్య ఉన్నాడో లేడో కనుక్కోలేదు. ఉన్నాడంటే పోయి చెప్పాలి కదా. పోతానా? పోతానని రాస్తే మీరు నన్ను కొంచెం మంచిదాన్ని అనుకుంటారు. రాయను.

ఆయన రోడ్డు నడుమ నిలబడ్డాడు. చివరి గొర్రె కోసం నిలబడ్డాడు. ఆ సంగతి ఈ లోకంలో నా ఒక్కదానికే తెలుసు, ఆయనకు కూడా తెలియదు. ఇప్పుడు మీకు తెలిసింది. ఊపిరి కొంచెం ఆడుతోంది.