దర్వాజ సందు

మేడమీద గదికి తలుపు చౌకటు ఇంకా రాలేదు. దర్వాజకు సందు వదిలి గోడ కట్టమని బుగ్గయ్య మేస్త్రికి చెప్పాను. బడి నుంచి వచ్చి చూస్తే, ఆ సందును కూడా నడుమెత్తు వరకు ఇటుకలతో మూసేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"పొద్దున్నే తాగొచ్చావా?" అని చిక్కడపల్లి గల్లీ అంతా వినేలా అరిచాను.

"నువ్వే గదమ్మ మూయమన్నవు," అన్నాడు.

గోడలో మాత్రం వెంట్రుకవాసి వంకర లేదు.

పాలమూరు నుంచి వచ్చి ముప్పై ఏళ్లుగా అశోక్‌నగర్, నారాయణగూడల్లో ఎన్నో ఇళ్లు కట్టిన మనిషి. నా అరుపు కూలీల అడ్డా దాకా పోయింది. ఇక అతన్ని పనికి పిలిచినవాళ్లు లేరు.

వారానికి అతని భార్య మాసమ్మ వచ్చింది. అతని దగ్గరే ఇటుకలు మోసే మనిషి.

"ఆయన సుక్క ముట్టడమ్మ. ఇంటికి తొవ్వ గూడ మరుస్తుండు. నీ నోటితోనే పని పోయింది. తాగలేదని డాక్టరుతోని చెప్పియ్యి."

బుగ్గయ్యను తీసుకుని ఆమె వెంట ఆసుపత్రికి వెళ్లాను.

డాక్టరు స్కాన్ ఫిల్మును వెలుతురుకు పట్టి చూపించాడు. కొత్త సంగతులు గుర్తుంచుకునే భాగం కుంచించుకుపోయిందట, మెదడులో ఖాళీలు పెరిగాయట. అల్జీమర్స్ అనుకోవచ్చన్నాడు. చేతిపనిని నడిపే భాగాలు ఇంకా బాగున్నాయి కాబట్టే గోడ నిటారుగా వస్తోందట. మందు అడిగితే, నయం చేసేది లేదన్నాడు. అంత పెద్ద యంత్రంలో పడుకోబెట్టి, చివరికి చెప్పింది ఆ ఒక్క ముక్క!

"తాగలేదని రాసియ్యిన్రి సారూ," అంది మాసమ్మ.

ఆ చీటీని అడ్డా మీద నేనే చదివి వినిపించాను. తాగుబోతు అంటే వెంటనే నమ్మినవాళ్లు, మెదడు కుంచించుకుపోయిందంటే నవ్వారు. వాళ్లను తిట్టడానికి నాకు నోరెక్కడిది?

మూసిన ఇటుకలు తీయించి, మిగతా గోడకు మళ్లీ బుగ్గయ్యనే పిలిచాను. మాసమ్మ వెళ్లి దర్వాజ సందులో నిలబడింది. అక్కడినుంచే ఇటుకలు అందించింది. రెండు రోజులు పని చక్కగా సాగింది.

మూడో రోజు అతను తాపీ నిండా సిమెంటు మాలు తీసుకుని ఆమె ముందుకొచ్చి ఆగాడు.

"ఎవరమ్మ నువ్వు? జర జరుగు, గోడ లేపాలె."

మాసమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. పక్కకు మాత్రం జరగలేదు.

"కూలీదాన్ని మేస్త్రీ," అంది. "ఈ సందు ఇడిసి కట్టు."