తొర్రూరులో ఒక తేయాకు మొక్క

ముందే ఒప్పుకుంటున్నాను, నాకు ఉన్నది ఉన్నట్టు చెప్పడం చేతకాదు. పిల్లి గురించి మొదలుపెడితే ముగించేసరికి అది పులి అయి కూర్చుంటుంది. కాబట్టి కింద రాసినదాంట్లో సగం తీసేసి చదువుకోండి. ఏ సగమన్నది మీ ఇష్టం.

తొర్రూరులో మా బాపుకు చాయపత్త దుకాణం ఉండేది. రంగుకూ, కడక్ రుచికీ అస్సాం పొడి, వాసనకు నీలగిరి పొడి కలిపి హోటళ్లకు అమ్మేవాడు. కొత్త పొడి రాగానే పాలూ చక్కెరా లేకుండా ఉత్త డికాక్షన్ కాచి ఒక్క గుక్క జుర్రి చూసేవాడు. ఆ జుర్రుడు నర్సింహులపేట దాకా వినిపించి అక్కడి ఎడ్లు మేత ఆపేవి. "పాలు పోస్తే పొడిల ఉన్న తప్పు దాగుతది కొడుకా" అనేవాడు.

తేయాకు పుట్టుక చెప్పకుండా ఎవరికీ పొట్లం కట్టేవాడు కాదు. తెల్లదొరలు తోటలు వేయకముందే అస్సాం అడవుల్లో ఆ చెట్టు ఉందనీ, అక్కడివాళ్లు ఆకును వెదురు బొంగుల్లో కూరి పొగకు పెట్టి దాచుకునేవాళ్లనీ చూసొచ్చినట్టే వర్ణించేవాడు. చూసింది లేదు. నలభై ఏళ్లు పొడి అమ్మిన మనిషి ఒక్క తేయాకు చెట్టునూ చూడలేదు. ఆయనకున్న కోరిక ఒక్కటే, తోటలో నిలబడి తన చేత్తో ఒక చిగురు తెంపాలని.

తెలంగాణ కోసం ఊళ్లకు ఊళ్లు రోడ్డెక్కిన ఏడాది, ఎట్టకేలకు మా ఇద్దరికీ గౌహతికి టికెట్లు తీశాను. బాపు స్వెట్టర్ కొనుక్కుని ఎండలోనే తొడుక్కుని చూసుకున్నాడు. సరిగ్గా మా ప్రయాణం నాడే రైల్‌రోకో పిలుపు వచ్చింది. నేను జెండా పట్టుకుని మహబూబాబాద్ స్టేషన్‌కు పోయి పట్టాల మీద కూర్చున్నాను. లక్షమందిమి ఉన్నాం. సరే, మూడొందలు.

ఇంటికి రాగానే బాపు అడిగాడు.

"రైళ్లు ఆపిన్రా?"

"ఆపినం బాపు."

"ఏ రైలు?"

"అన్నీ."

"మనది గూడనా?"

చెప్పులు విప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.

"మంచి పనే చేసినవ్ తియ్. తెలంగాణ వచ్చినంక పోదాం. గప్పటిదాక చెట్లు యాడికి పోతయ్" అని స్వెట్టర్ మడతపెట్టాడు.

ఆ చలికాలం, అస్సాంలో డ్యూటీ చేసే పక్కింటి జవాను సెలవు మీద వస్తూ బాపు కోసం పెయింటు డబ్బాలో ఒక తేయాకు మొక్క తెచ్చాడు. మూరెడు ఎత్తుంటుంది. దాన్ని చూడ్డానికి వచ్చినంత జనం సభలకు వచ్చి ఉంటే రాష్ట్రం ఏడాది ముందే వచ్చేది. బాపు దానికి తడి గోనెసంచులతో పందిరి వేసి, పూటకోసారి నీళ్లు చల్లుతూ పక్కనే కూర్చునేవాడు.

"నాకు జరమొస్తె గింత సూసినవా ఎన్నడన్న?" అంది అమ్మ.

"నువ్వీ గడ్డ మీద పుట్టినదానివి, తట్టుకుంటవ్. అది పరాయిది, పరేషాన్ల ఉన్నది."

మాఘం దాటుతుంటే ఆకుల అంచులు మాడసాగాయి. ఇక బతకదని తెలిసి ఒక పొద్దున బాపు చిగుళ్లన్నీ గిల్లాడు, రెండాకులూ ఒక మొగ్గా చొప్పున. జవాను చెప్పిన పద్ధతిలోనే చాటలో ఆరబోసి మర్నాటిదాకా వడలనిచ్చాడు. తర్వాత అరచేతుల మధ్య పసరు కారేదాకా నలిపి తడిగుడ్డ కప్పాడు. రెండు గంటల్లో పచ్చదనం పోయి రాగి రంగు తిరిగింది, మగ్గిన పండు వాసన వేసింది. ఆ వాసనకు గూడూరు అడవిలో తేనెటీగలు దారి తప్పాయని మా వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పేది నేనే. సన్నసెగ మీద పెంకలో ఆరబెడితే నల్లగా ముడుచుకుని చివరికి ఒక్క చెంచాడు తేలింది.

దుకాణం పొడిలా దాన్ని మరిగించలేదు. మరిగిన నీళ్లు దాని మీద పోసి, మూతపెట్టి, ఐదు నిమిషాలు ఎదురుగా కూర్చున్నాడు. కప్పులోకి వంచితే లేత బెల్లంపాకం రంగు. ఈసారి జుర్రలేదు. కళ్లు మూసుకుని, చప్పుడు లేకుండా తాగాడు. కప్పు దించి, "ఇగ అస్సాం పోవుడెందుకు కొడుకా, చూసినట్టే" అన్నాడు.

మొక్క ఉగాదికి ముందే ఎండిపోయింది. ఇప్పుడు బాపు లేడు. ఉద్యోగం పేరుతో భూపాలపల్లిలో ఉంటూ, అస్సాం ఆకు తెప్పించి, నేనూ మూతపెట్టి ఐదు నిమిషాలు కూర్చుంటాను. రంగు వస్తుంది, వాసనా వస్తుంది. తాగి తప్పు చెప్పేవాళ్లే లేరు.

ఎడ్లనూ తేనెటీగలనూ వదిలేయండి, అవి పెంచిన లెక్కలు. పూర్తిగా కల్పించింది ఒక్కటే, ఇగ అస్సాం పోవుడెందుకని బాపు అన్నట్టు రాసిన ఆ మాట. ఆయన అలా అనలేదు. కప్పు దించి, నా మొహం చూసి, "టికెట్లు మళ్ల ఎప్పుడు తీస్తవ్?" అని అడిగాడు. "తెలంగాణ రానీ బాపు" అన్నాను. రెండేళ్లకు వచ్చింది. ఆ తర్వాత ఇంకో మూడేళ్లు ఆయన ఉన్నాడు. గౌహతి బండి మహబూబాబాద్ మీదుగా పోతూనే ఉంది, దాన్ని ఎవరూ ఆపలేదు. నేను టికెట్లు తీయలేదు.