కొబ్బరిపాల కూరలో ఆవకాయ

ఈ సాయంత్రం మూర్తిగారి కుటుంబంతో కలిసి అమెరికాలో మేముండే ఇర్వింగ్ ఊళ్లో మా ఇంటి దగ్గరున్న థాయ్ రెస్టారెంట్‌కి వెళ్లాం. లాండ్రీకీ, వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే షాపుకీ మధ్య ఇరుక్కున్న చిన్న హోటల్ అది. వండేదీ వడ్డించేదీ ఒకావిడే. పొగలు కక్కుతున్న కొబ్బరిపాల కూర ఆవిడ తెచ్చి పెట్టిందో లేదో, మూర్తిగారు కోటు జేబులోంచి పాత ఇన్‌స్టంట్ కాఫీ సీసా తీశారు. అందులో ఆవకాయ! మా అందరికీ కలిపి పెట్టిన గిన్నెలో సగం సీసా కుమ్మరించి కలిపేశారు. ఆవిడ వంగి గిన్నెలోకి తొంగి చూసింది.

"కూర బాగా లేదాండీ?" అని అడిగాను.

"ఏమోనండీ, ఇంకా టేస్ట్ చెయ్యలేదు. వీళ్ల వంటలు నాకు తెలీదా? ఉప్పూ కారం ఉండి చావవు," అన్నారు దర్జాగా.

పోయిన ఆదివారం వాళ్లింట్లో మా ఆవిడ పప్పులో చిటికెడు ఉప్పు కలుపుకుంటే, "ముద్ద నోట్లో పెట్టకుండానే వంక పెడితే ఎలాగమ్మా?" అని నలుగురిలో కడిగేసిన పెద్దమనిషి ఈయనే.

వచ్చే శనివారం మళ్లీ వాళ్లింటికి భోజనానికి పిలిచారు. ఇంటికి రాగానే నేనూ ఒక కాఫీ సీసా కడిగి ఆరబెట్టాను. అందులో ఏం పోసుకుని వెళ్లమంటారో మీరే చెప్పండి.