కోళ్ల గూటిలో రంపపు పొట్టు

గుడ్లక్క అసలు పేరు వీధిలో చాలామందికి తెలియదు. భర్త పోయాక తమ్ముడి ఇంటికి వచ్చేసి, పెరట్లో తొమ్మిది కోళ్లను పెంచుతూ ఇరుగుపొరుగుకు గుడ్లు అమ్మేది. ఆ పేరే ఉండిపోయింది. తమ్ముడు వడ్రంగి. యాభై దాటాయి. పెళ్లి ఊసెత్తితే, చెక్కతో కాపురం చేస్తున్నాగా అని నవ్వేసేవాడు. ఇంటి ముందు గదే అతని కార్ఖానా.

ఆ వానాకాలం గూటిలో పరిచిన గడ్డి ముక్కిపోయింది. పైకి పొడిగానే కనిపించినా చెయ్యి పెడితే కింద తడి, తెల్లటి బూజు. గూటి తలుపు తీస్తే చాలు, ఘాటుకు కళ్లు మండేవి. గడ్డి మానేసి ఏం పరచాలా అని ఆమె తెగ ఆలోచించింది. ఇసుక వేస్తే ఎత్తిపోయడానికి నడుము సహకరించదు. వరి ఊక మంచిదే గానీ మిల్లు ఊరి అవతల ఉంది, బస్సులో బస్తా ఎక్కించనివ్వరు. చివరికి తమ్ముడే దారి చూపించాడు. యంత్రం రంపం కింద రోజూ గంపెడు పొట్టు పోగవుతోందనీ, పారబోయలేక చస్తున్నాననీ అన్నాడు.

గూడంతా బెత్తెడు మందాన పరిచింది. మెత్తగా, పొడిపొడిగా, కొత్త చెక్క వాసనతో ఉంది. రెట్టలోని తడిని ఇట్టే పీల్చేసుకుంది. తన ఇంట్లోనే ఉన్నదాన్ని ఇన్నాళ్లూ చూడలేదే అని ఆమె మురిసిపోయింది.

పదో రోజున ఒక కోడి మెడ చాచి, నోరు తెరిచి ఊపిరి తీయడం మొదలుపెట్టింది. తర్వాత మిగతావి తుమ్మసాగాయి. వారం తిరగకుండా రెండు చచ్చాయి. మూడోదాన్ని బుట్టలో పెట్టుకుని, గుప్పెడు పొట్టు కాగితంలో చుట్టుకుని పశువుల డాక్టరు దగ్గరకు పరుగెత్తింది.

ఆయన పొట్టును అరచేతిలో పోసుకుని ఊదాడు. బల్ల మీద పొగలా లేచింది.

"ఇది పొట్టు కాదమ్మా, పిండి. గూట్లో ఏది వేసినా ఇలా గాలికి లేవకూడదు. ఊక వెయ్యండి, లేదంటే చెక్కకు చిత్రిక పట్టినప్పుడు వచ్చే పల్చటి చుట్టలు వెయ్యండి. ఇందులో పాత తలుపుల రంగు కూడా కలిసినట్టుంది. రెండు వారాలు పీల్చేసరికే వీటి ఊపిరితిత్తులు పాడయ్యాయి."

ఆమెకు కార్ఖానా గుర్తొచ్చింది. ఈ పిండిలోనే తమ్ముడు ఇరవై రెండేళ్లుగా ఉంటున్నాడు. ఏడాదిగా దగ్గుతున్నాడు కూడా. చలిగాలి పడలేదులే అనుకుని వేడినీళ్లిచ్చి ఊరుకుంది.

ఇంటికొచ్చి చెబితే అతను చెవిన పెట్టలేదు. కోళ్లు చస్తే నేరం తన పని మీద మోపుతోందని మొహం గంటు పెట్టుకున్నాడు. ఆమె ముక్కుకు గుడ్డ కట్టుకుని గూడంతా ఊడ్చింది. ఆ గంటసేపటి పనికే సాయంత్రం దాకా దగ్గింది. మర్నాడు కోళ్ల మేత తెచ్చే బండివాణ్ణి బతిమాలి మిల్లు నుంచి నాలుగు బస్తాల ఊక తెప్పించింది. మూడో కోడి మాత్రం దక్కలేదు.

నాలుగు రోజులు ఇద్దరికీ మాటల్లేవు. ఐదో రోజు రంపం చప్పుడు ఆగాక ఆమె కార్ఖానాలోకి వెళ్లింది. అతను బల్ల పట్టుకుని వంగి నిలబడ్డాడు. కనురెప్పల మీద కూడా పొట్టే.

"వాటికి ఊక తెచ్చాను. నీకేం తేవాలిరా?" అంది.

అతను కళ్ల మీది పొట్టు తుడుచుకున్నాడు.

"ఇది మానేస్తే నేనేం చెయ్యనక్కా? నాకింకేం వచ్చని?"

"మానమని నేననలేదు. రేపు నాతో ఆసుపత్రికి రా, అంతే."

అక్కడ గొట్టంలోకి ఊదించారు. మూడుసార్లు ఊదినా ముల్లు సగం దాటలేదు. పోయిన బలం తిరిగి రాదనీ, ఉన్నదాన్ని నిలుపుకోవాలనీ డాక్టరు చెప్పింది. ఏడాది ముందు తీసుకొచ్చి ఉంటే అని గుడ్లక్క అడిగింది. కొంత మేలే అయ్యేదని ఆవిడ ఉన్నమాట చెప్పింది. అది ములుకులా దిగింది.

యంత్రం రంపం అమ్మేశారు. ఇప్పుడతను నోటికి గుడ్డ కట్టుకుని పెరట్లో చేతిరంపంతో పని చేస్తాడు. తలుపుల పని పోయింది, స్టూళ్లూ అలమర్లూ మిగిలాయి. ఆమె వారానికోసారి ఊక తిరగేసి తడి ముద్దలు ఏరి పారేస్తుంది. తమ్ముడు సాయానికి వస్తానంటే ఆ దరిదాపులకు కూడా రానివ్వదు.

సంతకు వెళ్లొచ్చేటప్పుడు వీధి మొదట్లో ఉన్న ఎత్తు ఎక్కలేక అతను మధ్యలో ఆగిపోతాడు. ఆమె చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగి, అతని ఊపిరి కుదుటపడేదాకా లేవదు.