ఇబు ముర్ని రాసిన ఆరో పుస్తకం

సాయంత్రం నాలుగయ్యేసరికి మా ఊరు కాలిసారిలో పిల్లలంతా గ్రామసభ హాల్లో ఉంటారు. అందులో ఉన్నది ఒకే ఒక్క బ్యాడ్మింటన్ కోర్టు. పిల్లలేమో నలభై మంది. కాబట్టి ఆడేది కాసేపు, గోడవార బల్లల మీద కూర్చుని వంతు కోసం ఎదురుచూసేది చాలాసేపు. ముర్నియాసిహ్ కథలు రాయడం మొదలుపెట్టింది ఆ ఎదురుచూపు కోసమే.

ఆమె మా ప్రాథమిక పాఠశాలలో ఐదో తరగతి టీచరు. పిల్లలతో పాటు మేమూ ఆమెను ఇబు ముర్ని, అంటే ముర్ని అమ్మగారు, అనే పిలిచేవాళ్ళం. సెలవు రోజుల్లో జిల్లా పోటీలకు వెళ్ళి, కోర్టు చివర కుర్చీలో కూర్చుని, కాక్, అంటే ఈకల షటిల్, గీత లోపల పడిందో బయట పడిందో చెప్పే లైన్ జడ్జిగా ఉండేది. నేను అదే బడిలో డ్రాయింగ్ మాస్టారిని, అందరికీ పాక్ సుగెంగ్‌ని, అంటే సుగెంగ్ గారిని. ఆమె పుస్తకాలకు బొమ్మలు నేనే వేశాను కాబట్టి ఈ సంగతులన్నీ నా కళ్ళ ముందే జరిగాయి.

బడి గ్రంథాలయం అంటే రెండు బీరువాలు. వాటి తాళంచెవులు ఆమె దగ్గరుండేవి. లోపల రాజకుమారుల కథలు, మాట్లాడే జంతువుల కథలు బూజుపట్టి పడి ఉండేవి. మా పిల్లలు రాకెట్ తీగలు ఎంత బిగువుగా ఉండాలో గంటసేపు చెప్పగలరు గానీ, ఒక పేజీ చదవమంటే దిక్కులు చూసేవాళ్ళు. ఒక వర్షాకాలంలో ఆమె పాత ప్రశ్నపత్రాల వెనకవైపు ఒక కథ రాసింది. సెకార్ అనే పదేళ్ళ పిల్ల, రిక్షా తొక్కే తండ్రి, అరువు రాకెట్. మొత్తం ఎనిమిది అధ్యాయాలు. తరగతిలో అందరికంటే నిదానంగా చదివే పిల్లవాణ్ణి బల్ల మీద కూర్చోబెట్టి, కోర్టులో ఒక గేమ్ ముగిసేలోపు వాడు ఒక అధ్యాయం పూర్తి చేయగలడా లేదా అని చూసింది. చేయలేకపోతే, మిగిలిన వాక్యాలు కొట్టేసింది.

నా బొమ్మలనూ ఆమె అలాగే పట్టి చూసేది. మొదటి పుస్తకంలో సెకార్ సర్వ్ చేస్తుంటే ఒక కాలు గాల్లోకి లేపి వేశాను, అందంగా ఉంటుందని. "కాలు లేస్తే ఫౌల్ కదా, పాక్ సుగెంగ్. పిల్లలు కథ వదిలేసి మీ బొమ్మను పట్టుకుంటారు," అంది. మళ్ళీ వేశాను.

ఆ పుస్తకాన్ని మొదట జిరాక్స్ తీసి కుట్టాం. రెండేళ్ళలో సెమరాంగ్‌లోని ఒక చిన్న ప్రచురణ సంస్థ దాన్ని అచ్చువేసింది. దాంతో కలిపి ఏటా ఒకటి చొప్పున ఐదు వచ్చాయి. అయిదింటిలోనూ ఎనిమిదో అధ్యాయంలో సెకార్ గెలుస్తుంది. పక్క ఊళ్ళ బడుల నుంచి కూడా ఉత్తరాలు వచ్చేవి.

ఐదో పుస్తకం వచ్చిన నెలకు గెందిస్ అనే నాలుగో తరగతి పిల్ల దాన్ని తిరిగిచ్చేయడానికి వచ్చింది. నేను అక్కడే రంగుల డబ్బాలు సర్దుతున్నాను. చివరి అధ్యాయం పేజీలు ఇంకా అంటుకునే ఉన్నాయి. అచ్చు దగ్గర కత్తిరించడం మరిచిపోయినట్టున్నారు, ఈ పిల్ల విడదీయనే లేదు. ఎందుకు చదవలేదని ఇబు ముర్ని అడిగింది.

"ఎందుకు చదవడం ఇబూ, గెలుస్తుంది కదా."

"గెలవకూడదా మరి?"

గెందిస్ చాలాసేపు చెప్పుతో నేలను గీకింది. తర్వాత అంది: "మొన్న నా ఆటలో అవతలి పిల్ల కొట్టిన కాక్ బయట పడింది. లోపల అన్నారు. నేను ఓడిపోయాను. మీ పుస్తకాల్లో గీత దగ్గర కూర్చునేవాళ్ళు ఎప్పుడూ తప్పు చెప్పరు."

నాకు నవ్వొచ్చింది. ఇబు ముర్ని మాత్రం నవ్వలేదు. పుస్తకం తీసుకుని, రిజిస్టరులో రాసుకుని, పిల్లను పంపేసింది. ఆ తర్వాత రెండు వారాల పాటు ఆమె టీ తాగే వేళ కూడా ఎవరితోనూ కలవలేదు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను.

ఒక శనివారం బడి వదిలాక తనే నా గదికి వచ్చి చెప్పింది. ఇరవై రెండేళ్ళ కిందట జిల్లా బాలికల ఫైనల్. ఆమెకు అప్పుడు ఇరవై తొమ్మిదేళ్ళు, ఫైనల్‌లో కూర్చోవడం అదే మొదలు. మా ఊరి లిలిక్‌కి పదిహేనేళ్ళు. మూడో గేమ్ ఆఖరి పాయింటు దగ్గర అవతలి పిల్ల కాక్‌ను ఎత్తుగా వెనక గీత మీదికి కొట్టింది. లిలిక్ వెనక్కి పరిగెత్తుకొచ్చి, బయట పడుతుందనుకుని చివరి క్షణంలో రాకెట్ దించేసింది. అంత వేగంతో వచ్చి అలా ఆగిపోయిన ఆ పిల్లను చూస్తూ ఇబు ముర్ని గీతను చూడటం మరిచిపోయింది. కాక్ నేలను తాకిన చప్పుడు మాత్రం విన్నది.

చూడలేకపోయినప్పుడు ఏం చేయాలో లైన్ జడ్జిలకు నేర్పుతారు. రెండు చేతులతో కళ్ళు మూసుకోవాలి. అప్పుడు అంపైర్ నిర్ణయిస్తాడు. నామోషీ ఏమీ లేదని కూడా చెబుతారు. కానీ హాలు నిండా జనం, ముందు వరసలో జిల్లా పెద్దలు. ఆమె చేతులు పైకి లేవలేదు. కుడిచెయ్యి దానంతటదే గీత వైపు సాగింది. లోపల అని. ఫైనల్ అయిపోయింది. గెలిచిన పిల్లను సెమరాంగ్ శిక్షణ హాస్టల్‌కు ఎంపిక చేశారు. లిలిక్ మరో రెండేళ్ళు ఊళ్ళో ఆడి, ఆట మానేసి, కాక్‌లు చేసే షెడ్డులో పనికి చేరింది. ఇప్పుడు ఆ షెడ్డు ఆమెదే.

"మన బడికి కాక్‌లు పక్క ఊరి నుంచి ఎందుకు తెప్పిస్తానో ఎప్పుడైనా అడిగారా?" అంది ఇబు ముర్ని. మేమెవరమూ ఎప్పుడూ అడగలేదు.

ఆరో పుస్తకం మొదలుపెట్టింది. ఈసారి సెకార్ తప్పు నిర్ణయంతో ఓడిపోతుంది. కుర్చీలో కూర్చున్నామె కథ కూడా అందులో ఉంది, ఆమె చూడలేదన్న నిజంతో సహా. ఏడు అధ్యాయాలు చకచకా వచ్చాయి. ఎనిమిదోది రాలేదు. వచ్చే ఏడు సెకార్ గెలిచినట్టు రాయమని నేను సలహా ఇచ్చాను. అలా రాస్తే, జరిగింది పెద్ద విషయం కాదని పిల్లలకు చెప్పినట్టవుతుందంది. పోనీ ఆ లైన్ జడ్జి వచ్చి క్షమాపణ అడిగినట్టు రాయమన్నాను. దానికామె, "నేను అడగందే ఎలా రాస్తాను?" అంది.

మర్నాడు నా మోటారు సైకిల్ వెనక కూర్చుని, కాగితాలు ఒళ్ళో పెట్టుకుని, లిలిక్ షెడ్డుకు బయల్దేరింది.

షెడ్డులో ఆరుగురు ఆడవాళ్ళు నేల మీద కూర్చుని బాతు ఈకలు ఏరుతున్నారు. ఎడమ రెక్క ఈకలు ఒక గంపలో, కుడి రెక్కవి ఇంకో గంపలో. రెండూ కలిస్తే కాక్ తిన్నగా ఎగరదు. జిగురు వాసన గొంతు పట్టేస్తోంది. లిలిక్ లేచి వచ్చి, చేతులు తుడుచుకుని, మాకు చాప వేసి, తియ్యటి టీ తెప్పించింది. బడికి కాక్‌లు కావాలేమో అనుకుంది. ఇబు ముర్ని టీ ముట్టుకోకుండానే చెప్పేసింది. మధ్యలో ఎక్కడా ఆగలేదు. తనకు తాను సర్ది చెప్పుకోనూ లేదు.

ఈకలు ఏరే చేతులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి.

"మీరు చూడలేదని నాకు తెలుసు ఇబూ," అంది లిలిక్. "రాకెట్ దించేసి మీ వైపే చూశాను. మీరు నన్ను చూస్తున్నారు."

ఇబు ముర్ని తల దించుకుంది.

"చెబుతారేమోనని కొన్నేళ్ళు చూశాను. బజార్లో కనబడితే మీరే పక్క సందులోకి తిరిగిపోయేవాళ్ళు. తర్వాత నేను చూడటం మానేశాను. క్షమించమంటే ఏమనాలో నాకు తెలీదు. కోపం ఎక్కడో పెట్టి మరిచిపోయాను, ఇప్పుడు వెతికితే దొరకడం లేదు." పనివాళ్ళ వైపు చూసి, గొంతు తగ్గించింది. "ఇంకోటి కూడా ఉంది. అది బయట పడిందని మా ఇంట్లో చెప్పాను. మా నాన్న చచ్చేదాకా అదే నమ్మాడు. నిజానికి నేనూ చూడలేదు. మీ మొహం చూస్తున్నాను కదా."

ఆ కాక్ లోపల పడిందో బయట పడిందో తెలిసినవాళ్ళు ఈ లోకంలో ఇద్దరే అనుకుంటే, ఆ ఇద్దరికీ తెలియదు.

కాగితాలు చదివి వినిపించమని అడిగింది లిలిక్. ఇబు ముర్ని ఏడు అధ్యాయాలూ చదివింది. ఆడవాళ్ళు వింటూ పనిలో పడ్డారు. సెకార్ ఓడిపోయిన చోట అధ్యాయం ముగిసేసరికి, గంప పక్కన కూర్చున్న ముసలామె తలెత్తకుండానే అడిగింది: "ఆ పిల్ల ఇంటికెళ్ళి ఏం తిన్నది?"

ఇబు ముర్నికి బదులు లిలిక్ చెప్పింది. ఫైనల్ ఓడిన రోజు వాళ్ళమ్మ టెంపే, అంటే పులియబెట్టిన సోయా ముక్కలు, వేయించిందట. తను ఏడవాలనుకుందిగానీ ఆకలి దంచేస్తోంది, మూడుసార్లు అన్నం పెట్టించుకుంది. అన్నం ఎక్కువ తిన్నందుకు సిగ్గేసి అప్పుడు ఏడ్చింది. మర్నాడు పొద్దున్నే లేచి, చేయడానికి వేరే పనేమీ కనబడక, రాకెట్ పట్టుకుని హాలుకు పోయింది. అక్కడ ఒక చిన్న పిల్ల తనతో ఆడమంది. ఆడింది.

"గెలిచావా?" అని ముసలామె అడిగింది.

"ఆరేళ్ళ పిల్లతోటా?" అంది లిలిక్. అందరూ నవ్వారు. మేం వచ్చాక ఆ షెడ్డులో వినబడిన మొదటి నవ్వు అదే.

ఎనిమిదో అధ్యాయం అదే అయింది. టెంపే, మూడుసార్ల అన్నం, సిగ్గు, మర్నాటి పొద్దు. ప్రచురణకర్తకు నచ్చలేదు. పిల్లలు గెలుపు కోసమే కొంటారని, కనీసం చివరి పేజీలో ఒక కప్పు బొమ్మైనా వేయమని నాకు ఫోన్ చేశాడు. ఇబు ముర్ని ఒప్పుకోలేదు. చివరకు తక్కువ ప్రతులు వేశారు. మిగతా అయిదింటికంటే అది తక్కువే అమ్ముడుపోయింది. మా హాలు బల్లల మీద మాత్రం దాని గురించి తగాదాలు నడిచాయి. సెకార్ అంపైర్‌తో పోట్లాడి ఉండాల్సిందని కొందరు, లాభం లేదని కొందరు. గెందిస్ మాత్రం తగాదాలోకి దిగలేదు. పుస్తకం మూడు వారాలు ఉంచుకుని తిరిగిచ్చింది. చివరి పేజీ మీద నూనె మరక ఉంది.

ఇబు ముర్ని జిల్లా బ్యాడ్మింటన్ సంఘానికి కూడా ఉత్తరం రాసింది. అంత పాత ఫలితాన్ని మార్చే పద్ధతి లేదని మర్యాదగా జవాబొచ్చింది. ఫలితం మార్చమని తను అడగనే లేదని, తెలియజేశానంతేనని ఆమె మళ్ళీ రాసింది. దానికి జవాబు రాలేదు. బడికి కాక్‌లు ఇప్పుడు లిలిక్ షెడ్డు నుంచే వస్తాయి. వాళ్ళిద్దరూ స్నేహితులయ్యారని చెప్పలేను. ఎదురుపడితే ఆగి, పిల్లల గురించో వానల గురించో రెండు మాటలు మాట్లాడుకుంటారు.

కిందటి రంజాన్‌కు ముందు లిలిక్ నాతో ఒక సంగతి చెప్పింది. పుస్తకాన్ని తన తల్లికి చదివి వినిపించిందట. ఆమెకు డెబ్భై దాటింది, చూపు సరిగా ఆనదు. చివరంటా విని, "అయితే అది ఎక్కడ పడింది?" అని అడిగిందట. తెలీదమ్మా, నేను చూడలేదని లిలిక్ ఒప్పుకుంది. ఆనాడు ఫైనల్ గెలిచిన పిల్ల కుటుంబం వీళ్ళ వెనక వీధిలోనే ఉంటుంది. లిలిక్ తండ్రి ఆ రోజు నుంచి తనవాళ్ళెవరినీ శుభానికీ అశుభానికీ వాళ్ళింటి గడప తొక్కనివ్వలేదు. ఆయన పోయాక కూడా ఇంట్లో అదే మాట మీద ఉన్నారు.

"ఆ ఇంటాయన మీ నాన్న చావుకొస్తే కుర్చీ కూడా వెయ్యలేదు మనం," అందట ఆ తల్లి.

ఆ వారమే లిలిక్ వాళ్ళింట్లో పోయినవాళ్ళ పేరు మీద ప్రార్థన జరిగింది. పసుపన్నం, కోడికూర, గుడ్డు సర్దిన పెట్టెలు వీధంతా పంచారు. ఒక పెట్టెను ముసలామె తనే చేతిలో పట్టుకుని, గోడ తడుముకుంటూ వెనక వీధిలోని ఆ ఇంటికి నడిచి వెళ్ళింది. లిలిక్ వెంట వస్తానంటే వద్దంది. గంట తర్వాత ఆ ఇంటి కోడలు ఆమె చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి దిగబెట్టింది.